మెయిన్ స్విచ్

రాస్ అల్ ఖైమాలో కొండల్ని టన్నుల లెక్కన అమ్ముతారు.
క్వారీ నుంచి రేవుకు పోయే దారిలో
ఒక తూకపు వంతెన, పక్కన అద్దాల గది,
గదిలో లింబాద్రి.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది.
నంబరు ప్లేటు ఫొటో, బరువు, వేళ
మూడు కంపెనీల మూడు క్లౌడ్లకీ ఎగిరిపోతాయి.
ఎగరేసేది నేను రాసిన లైబ్రరీ.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం
మూడు మబ్బుల్లో ఒకటి పలకలేదు.
నా లైబ్రరీ మూడుసార్లు పిలిచి చూసింది.
తర్వాత, ఐదేళ్ల కిందట నేను నేర్పిన మాటే తలుచుకుని
ఎగ్జిట్ అంది.
తను పోతే పోయింది,
చోటిచ్చిన తూకం ప్రోగ్రామును కూడా
వెంట తీసుకుపోయింది.

నలభై ఆరు డిగ్రీలు.
రోడ్డు మలుపు దాకా పఠాన్ల లారీలు,
ఒక్కటే హారన్.
నేను వెళ్లేసరికి లింబాద్రి
మీటరు చూసి నోట్‌బుక్కులో బరువులు ఎక్కిస్తున్నాడు.
చెమట చుక్క పడి ఒక అంకె అలుక్కుపోతే
పక్కన అక్షరాల్లో రాశాడు: ఎన్మిది.

"ఏమైంది మేడం?"
మూడు గోడౌన్లున్నాయి, ఒకటి తలుపు తియ్యలేదు,
అందుకని మొత్తం ఆగిపోయింది, అన్నాను.
పెన్ను మూత పంట పట్టుకుని విన్నాడు.
"మా రూంల ఆర్గురం ఉంటం.
ఒకనికి ఇంటికెల్లి ఫోన్ రాకపాయె అనుకోండ్రి,
వాడు పొయ్యి మెయిన్ స్విచ్ బంద్ జేస్తడా?"

ఆ రాత్రి అల్ నఖీల్‌లో
ఏసీ నీళ్లు బకెట్లోకి కారుతుంటే కోడు తెరిచాను.
ఇంట్లో తనొక్కతే ఉందనుకున్న మనిషి రాసిన కోడు.
ఫైలు ఎక్కించిన ప్రతిసారీ తెర మీదికొచ్చి కేకేస్తుంది.
తాళాలన్నీ హాల్లో ఒకే మేకుకి తగిలిస్తుంది,
ఎవరు మార్చినా అందరి తలుపులూ మారిపోతాయి.
ఒక్క మబ్బు చాలన్నా
మూడింటి సామానూ గుమ్మంలో దింపుతుంది.
అప్పట్లో ఇది తప్పు కాదు.
అప్పుడు అదే ఒక ప్రోగ్రాము,
నల్ల తెర మీద దానిదే రాజ్యం.
పరాయి ఇంట్లో అద్దెకుండాల్సి వస్తుందని
దానికి ఎవరు చెప్పారు?

ఎగ్జిట్ అని వెతికితే ఇరవై మూడు చోట్ల దొరికింది.
ఒక్కోటీ పీకి, అక్కడ
'ఇలా అయింది' అనే కబురు పెట్టాను.
ఆగాలో సాగాలో అందుకున్నవాళ్ల ఇష్టం.
నోరు నొక్కలేదు,
ఎక్కడ మాట్లాడాలో వాళ్లు చూపేదాకా ఊరుకోమన్నాను.
తాళాలు ఎవరివి వాళ్లే తెచ్చి చేతికిస్తారు,
పనయ్యాక ఎవరివి వాళ్లకే.
ఆపమంటే ఆగడం నేర్పడానికి మాత్రం
ఆరు రాత్రులు పట్టింది.
సగం ఎక్కిన ఫైలుని ఏం చెయ్యాలి?
వదిలేస్తే చెత్త, చెరిపేస్తే నష్టం.
చివరికి, చేతిలో ఉన్న ముక్క దించి
ఎక్కడిదాకా వచ్చిందో ఒక చీటీ రాసి
పక్కకి తప్పుకునేలా చేశాను.

ఫిలిప్పోస్ సార్ అడిగాడు, కొత్తగా ఏమొచ్చింది?
ఏమీ రాలేదు సార్.
డెమోలో ఏం చూపిస్తాం?
చూపించడానికి ఏమీ లేదు సార్.
ఆయన నా పదకొండు రాత్రుల్ని
'మెయింటెనెన్స్' గడిలో రాసుకున్నాడు.

అక్టోబరులో అదే మబ్బు మళ్లీ పలకలేదు.
ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను, టీ తాగుతూ.
తెర మూల ఒక పసుప్పచ్చ గీత:
రెండో చోటు అందడం లేదు, దాచి ఉంచాను, తర్వాత పంపుతాను.
లింబాద్రి అటు చూడనైనా లేదు.
లారీ దిగింది. ఇంకోటి ఎక్కింది.
అతను మాత్రం నోట్‌బుక్కులో రాస్తూనే ఉన్నాడు.
ఇంకా ఎందుకంటే నవ్వి, "ఉండనీయుండ్రి" అన్నాడు.

వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి అడిగాను,
ఆ రూమ్‌మేటుకి ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా అని.

అతను మీటరు వంకే చూస్తున్నాడు.
"ఇంక రాలే మేడం.
స్విచ్ జోలికైతె పోలే."